వెయ్యి దీపాల యంత్రం

తలుపు బయట పెట్టిన సూప్ గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన నూనె తెట్టు కట్టింది. ఆకుకూర ముక్కలు అంచులకి అతుక్కుని ఎండుతున్నాయి.

దియోలిండా గిన్నె కోసం వంగి, పనిలో పనిగా తలుపుకి చెవి ఆనించింది. లోపల చప్పుడు లేదు. చప్పుడు లేదంటే ఆమె మనసు ఎక్కడెక్కడికో పోతుంది. పిల్ల పడుకుందా, మాత్రలేవైనా మింగిందా, కిటికీలోంచి దూకేసిందా. కిటికీ కింద పారతో తోసిన మంచు గుట్ట ఇంకా కరగలేదు. దూకినా మహా అయితే కాలు విరుగుతుందని తనకి తనే ధైర్యం చెప్పుకుంది. కాలు విరిగితే ఆస్పత్రి, ఆస్పత్రిలో ఇంకేదో రోగం బయటపడుతుంది, అని అటునుంచి మళ్ళీ భయం మొదలైంది.

"లవీనియా, ఒక్క మాట పలకవే. బతికున్నావని తెలిస్తే కిందికి పోతాను."

"బతికే ఉన్నానమ్మా."

"మరి తినవేం?"

"బతికున్నవాళ్ళందరికీ ఆకలి వెయ్యాలని రూలు లేదు."

కింద వంటింట్లో ఫోను మోగింది.

"ఎత్తకు," అంది లోపల్నుంచి కూతురు.

"ఎత్తన్లే. మోగి మోగి అదే ఊరుకుంటుంది."

అది ఊరుకునేదాకా తల్లి తలుపుకి ఇవతల, కూతురు అవతల, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. శుక్రవారం సాయంత్రం లవీనియా తన ఇంటికి పోకుండా తిన్నగా పుట్టింటికి వచ్చి ఆ గదిలో చేరినప్పటినుంచి ఈ ఇంట్లో ఇదే వరస. ఏమైందని అడిగితే తలుపు. మళ్ళీ అడిగితే గడియ.

వంటింట్లో ఫౌస్తినో పొద్దుట చర్చిలో ఆదివారం పూజకి కట్టుకున్న టై ఇంకా విప్పలేదు. నారింజ పండు తొక్క ఒకే పట్టీగా ఊడివచ్చేలా జాగ్రత్తగా ఒలుస్తున్నాడు.

"ఆ గిన్నెకి మన మెట్లు కంఠస్థం అయిపోయి ఉంటాయి," అన్నాడు భార్య చేతిలోకి చూసి.

"నీకు వేళాకోళం. అక్కడ పిల్ల పస్తుంటే నీ గొంతులో తొనలెలా దిగుతున్నాయయ్యా?"

"నేను మానేస్తే దాని కడుపు నిండుతుందా?"

"దాని మొగుడు కొట్టాడేమో, ఆ వారెన్."

"వాడా? వాడు అమ్మకాల మనిషి. చెయ్యెత్తడు, మాటెత్తుతాడు."

"అయితే ఉద్యోగం పోయిందేమో. దానిది పోయిందంటే మనవీ పోతాయి."

ఫౌస్తినో చేతిలో తొక్క తెగింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ముగ్గురికీ, అల్లుడితో కలిపితే నలుగురికీ, థార్న్‌బరీ మెషీన్స్ ఒక్కటే తిండి. పాత ఉన్ని మిల్లు పుచ్చుకుని కంప్యూటర్లు చేసే కంపెనీ అది. ఒక పెద్ద బుర్ర బదులు వెయ్యి చిన్న బుర్రల్ని ఒకే బీరువాలో కూర్చోబెట్టి, ఒక పెద్ద లెక్కని వెయ్యి ముక్కలు చేసి పంచుతారు. దియోలిండా వాటి మధ్య వైర్లు చుట్టే హాల్లో పని చేస్తుంది. ఫౌస్తినో ఆ బీరువాలకి చెక్క పెట్టెలు కొడతాడు. కూతురు వాటిని నడిపిస్తుంది. అల్లుడు అమ్ముతాడు.

తమ పోర్చుగీసు దీవి వదిలి ఈ దేశం వచ్చాక, దీనికి ముందు ఫౌస్తినోది బూట్ల ఫ్యాక్టరీలో పని. ఒక సోమవారం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. అప్పట్నుంచి హడ్సన్ ఊళ్ళో ఏ గేటు పక్కనుంచి నడిచినా అతని కళ్ళు ముందు తాళం మీదికే పోతాయి.

"కొనబోయే చమురు కంపెనీ వాళ్ళ దగ్గర యంత్రం పరీక్ష పాసైందని శుక్రవారం మనందరికీ కేకు పంచారు కదే. పాసైతే దీనికి ఏడుపెందుకు?" అన్నాడు.

దియోలిండా ఆ రోజు రెండు ముక్కలు తిన్నది. ఆ కేకు ఇప్పటికీ కడుపులో అరగనట్టే ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లవీనియా వచ్చింది. తండ్రి పాత స్వెట్టరు, మేజోళ్ళు, రెండు రోజుల జుట్టు. పంపు తిప్పి గ్లాసుడు నీళ్ళు తాగి, వాళ్ళవైపు వీపు పెట్టే అంది:

"ఆ యంత్రం పాసవలేదు నాన్నా."

"పాసైందన్నారుగా," అంది దియోలిండా, నెమ్మదిగా.

"అన్నది మేమే. విడివిడిగా చూస్తే ఒక్కదాన్లోనూ తప్పు లేదమ్మా. కొన్నిటిని కలిపినా పని చేస్తాయి. మొత్తం వెయ్యీ కలిసి ఒక్క లెక్క మీద కూర్చునేసరికి, ఒకటి రెండోదాని జవాబు కోసం ఆగుతుంది. రెండోది మూడోదాని కోసం. అలా అన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి. ఏదీ చెడిపోలేదు. ఏదీ కదల్దు."

"మనింట్లోలాగా," అన్నాడు ఫౌస్తినో.

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"దీపాలు?" అంది దియోలిండా. బీరువా ముందువైపు బుర్రకొక్కటి చొప్పున ఎర్ర దీపం ఉంటుంది. బుర్ర పని చేస్తుంటే వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. ఊళ్ళో అందరికీ ఆ యంత్రమంటే ఆ దీపాలే.

"ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడు ఆ చమురు కంపెనీ వాళ్ళు కాఫీకి లేచారు. వారెన్ నా పక్కనే ఉన్నాడు. నీ ఎగ్జిబిషన్ ప్రోగ్రాం పెట్టు అన్నాడు."

"అదేంటి?"

"నేనే రాశాను, సంబరాలకి. అందులో లెక్కా పాడూ ఉండదు. దీపాలు ఊరికే ఆడతాయి, చెరువు మీద వాన పడ్డట్టు. నిజంగా పని చేసేటప్పుడు దీపాలన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరతాయి. చూసేవాళ్ళకి విసుగు. అందుకని ఎగ్జిబిషన్లలో ఇది పెడతాం. ఈ వ్యాపారంలో అందరూ పెడతారు. ఎవరూ తప్పనుకోరు." గ్లాసు కింద పెట్టింది. "కానీ అది ఎగ్జిబిషన్. ఇది పరీక్ష."

"మరి లెక్క పూర్తయితే వచ్చే బొమ్మ వాళ్ళు చూశారన్నారుగా? చమురు వెతకడానికి సముద్రం అడుగున రాళ్ళ బొమ్మ?" అంది దియోలిండా.

"అది అంతకు ముందు ఇక్కడ, మన మిల్లులో చేసింది. ముక్కలు ముక్కలుగా, రోజుల తరబడి. దాచిపెట్టింది తీసి తెర మీద వేశాను. వాళ్ళు కాఫీ కప్పుల్తో తిరిగొచ్చారు. హాల్వర్సన్ అని ఒక పెద్దాయన, కొనాలా వద్దా తేల్చేది ఆయనే, చేతులు వెనక్కి కట్టుకుని దీపాల ముందు నిలబడిపోయాడు. చిన్నపిల్లలు రైలుని చూసినట్టు. లోపల అంతా చచ్చినట్టు పడుంది, ఆయన దీపాలు చూస్తున్నాడు. నేను ఆయన్ని చూస్తున్నాను."

దియోలిండా కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"రేపు?"

"రేపు వాళ్ళందరి ముందూ నిలబడి, మొత్తం లెక్క ఈ యంత్రమే చేసిందని నేను చెప్పాలి. నడిపింది నేను కాబట్టి నా నోటితోనే వినాలట. వింటే పుచ్చుకుంటారు. పుచ్చుకుంటే కంపెనీ ఉంటుంది. లేకపోతే ఉండదు."

"చెప్పెయ్," అంది దియోలిండా.

తన నోట్లోంచి ఆ మాట వచ్చాక తనే ఉలిక్కిపడింది. అయినా ఆగలేదు. "రెండు ముక్కలేగా. చెప్పేసి వచ్చి పడుకో. ఎవడు తవ్వి చూస్తాడు?"

"చిన్నప్పుడు అబద్ధమాడితే నాలిక మీద మిరియం రాస్తానని ఇల్లంతా తరిమేదానివి."

"అప్పుడు నీ అబద్ధాల మీద ఎవరి తిండీ ఆధారపడి లేదు."

లవీనియా తల్లి వైపు చూసింది. కోపంతో కాదు. చాలా దూరం నడిచొచ్చి, ఇంకా ఊరు రాలేదని తెలిసినవాళ్ళు చూసినట్టు చూసింది.

"వద్దులే," అంది దియోలిండా వెంటనే. "చెప్పకు. తర్వాత తెలిస్తే జైల్లో పెడతారు. వాళ్ళకి లాయర్లుంటారు, మనకెవరున్నారు? చెప్తే జైలు. చెప్పకపోతే ఫ్యాక్టరీ మూత. నేనేం చెప్పను తల్లీ, నాకు రెండు వైపులా గొయ్యే కనిపిస్తోంది."

"నువ్వు ఎప్పుడు చూసినా అంతేగా," అన్నాడు ఫౌస్తినో. "ఈసారి నిజంగా ఉంది, అంతే తేడా."

బయట కారు ఆగింది. వాకిట్లో బూట్లు విదిలించిన చప్పుడు. వారెన్ వచ్చాడు, చేతిలో డోనట్ల డబ్బాతో. మనిషికి నిద్ర లేదు, గడ్డం మాత్రం నున్నగా గీసుకున్నాడు.

అతనికి పోర్చుగీసు రాదు. అతను గడప దాటగానే ఇల్లంతా ఇంగ్లీషులోకి మారుతుంది. పెళ్ళైన కొత్తలో దియోలిండాకి అది ముచ్చటగా ఉండేది. ఇప్పుడు బరువు మోస్తున్నట్టుంటుంది.

"అత్తయ్యా, మామయ్యా, హలో," అని డబ్బా బల్ల మీద పెట్టాడు. "లవీ, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేశానో."

"విన్నాను."

"వింటే ఎత్తాలి."

"ఎత్తితే మాట్లాడాలి."

అతను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క నెల. ఆ తప్పేదో పట్టుకుంటారు. అక్కడికే వెళ్ళి సరిచేసేస్తాం, వాళ్ళకి తెలియను కూడా తెలీదు. దీన్ని అబద్ధం అనకు. కాస్త ముందుగా చెప్పిన నిజం."

"ఈ మాట ఎవరికైనా అమ్మావా, నాకోసమే తయారు చేశావా?"

"నీకోసమే. ఉచితం."

లవీనియా పెదవి ఒక పక్కకి కదిలింది. అతనిదీ కదిలింది. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోవడం చూస్తే దియోలిండాకి, వాళ్ళు అరుచుకున్నా ఇంత బాధ ఉండదనిపించింది.

"పట్టుకోకపోతే?" అంది లవీనియా.

"పట్టుకుంటారంటున్నాగా."

"పట్టుకుంటారు పట్టుకుంటారు అని ఎవరినో అంటావేం? పట్టుకోవలసింది నేను. ఆర్నెల్లుగా వెతుకుతున్నాను. నాకు దొరకట్లేదు వారెన్. ఒక్కోసారి అది దొరికేది కాదేమో అనిపిస్తోంది. ఇన్నిటిని కలిపి కూర్చోబెట్టడమే తప్పేమో."

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

"ఇంట్లో కూడానా?"

"ఇది ఇల్లా? రెండు రోజులుగా మనిల్లు ఎక్కడుందో నీకు గుర్తుందా?" గొంతు పెరిగింది. మళ్ళీ తనే దించుకున్నాడు. "సరే. నా మొహం చూడకు. మీ అమ్మా నాన్నల మొహాలు చూసి, రేపు చెప్పనని అను."

ఫౌస్తినో లేచాడు. కొక్కేనికి ఉన్న కోటు తీశాడు.

"నా మొహాన్ని నేను బయటికి తీసుకుపోతున్నాను అల్లుడూ," అన్నాడు. "దానికి ఒకటి తగ్గుతుంది చూడ్డానికి."

"ఎక్కడికి ఈ మంచులో?" అంది దియోలిండా.

"క్లబ్బుకి. అక్కడ పేకాటలో ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో తెలుస్తుంది."

"నడిచి పో. రోడ్డంతా నున్నగా గడ్డకట్టుంది, కారు తియ్యకు."

అతను కారే తీశాడు. చక్రాలు ఒకసారి జారి, పట్టు దొరికి, కదిలిన చప్పుడు ఆమె కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా విన్నది.

తిరిగి చూసేసరికి లవీనియా లేదు. పైకి పోలేదు. మెట్ల మధ్యలో కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వంటింట్లోకి ఆమె మేజోళ్ళ కొసలు మాత్రం కనిపిస్తున్నాయి.

వారెన్ డోనట్ల డబ్బా తెరిచి, చూసి, మూసేశాడు.

"రెండేళ్ళు తిరిగాను అత్తయ్యా ఈ ఒక్క అమ్మకం కోసం. హాల్వర్సన్ మనవరాలి పుట్టినరోజు కూడా నాకు నోటికొచ్చు."

"మా పిల్లదెప్పుడో?"

"పోయిన నెల. మర్చిపోయాను. అది కూడా చెప్పిందా?"

"చెప్పలేదు. మేం ముగ్గురం కేకు కోసుకున్నాం కదా, నువ్వు లేవు. అందుకని అడిగాను."

అతను అరచేతుల్తో కళ్ళు రుద్దుకున్నాడు. ఆ క్షణంలో అతను అమ్మకాల మనిషిలా లేడు. బస్సు తప్పిపోయిన మనిషిలా ఉన్నాడు. దియోలిండా లేచి కాఫీ పెట్టింది. కోపం ఉన్నా కాఫీ పెట్టకుండా ఉండటం ఆమెకి చేతకాదు.

"నేను దుర్మార్గుణ్ణి కాను," అన్నాడు.

"నేను అనలేదే."

"ఆ హాల్లో వైర్లు చుట్టేవాళ్ళంతా మీ స్నేహితులు. మీ వీధి వీధంతా అక్కడే. మీరు చెప్తే తను వింటుంది."

"చెప్పాను."

"ఏమని?"

"చెప్పెయ్యమని. తర్వాత చెప్పొద్దని."

అతను నవ్వాడు, అలసటగా. "మా వ్యాపారంలో చేరాల్సింది మీరు."

దూరంగా ఎక్కడో సైరన్ వినిపించింది. దియోలిండా చేతిలో చెంచా ఆగింది. వంతెన వైపు నుంచే. క్లబ్బుకి దారి వంతెన మీదుగానే. సైరన్ పెరిగి, మలుపు తిరిగి, పల్చబడింది.

అది పూర్తిగా పోకముందే ఫోను మోగింది.

"ఎత్తకండి," అన్నాడు వారెన్. "మా కంపెనీ ప్రెసిడెంటు అయ్యుంటాడు."

ఆమె అప్పటికే గోడ దగ్గరికి చేరింది. ఆమె కళ్ళ ముందు వంతెన కమ్మీలు విరిగి ఉన్నాయి, కారు నదిలో ముక్కు దించి ఉంది, ఫౌస్తినో టై నీళ్ళ మీద తేలుతోంది.

"హలో. ఎవరు? ఆయనకేమైంది?"

"క్షమించండమ్మా," అంది అవతల గొంతు. పెద్దవయసు గొంతు, నిదానంగా, మర్యాదగా. "నా పేరు హాల్వర్సన్. లవీనియాగారి ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. కంపెనీవాళ్ళు ఈ నంబరిచ్చారు. శుక్రవారం మా దగ్గర ఆవిడ..."

ఆ పేరు, ఆ వారం వినగానే దియోలిండాకి మిగతాది వినబడలేదు. ఫౌస్తినో బతికే ఉన్నాడు. అయితే ఇది జైలు. తెలిసిపోయింది, ఆదివారం పూట ఇంటికే ఫోన్ చేశారంటే అంతా తెలిసిపోయింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు ఫ్యాక్టరీలో నేర్చుకున్నది. అది ఉన్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"అయ్యా, మా అమ్మాయి మంచి. చెడు కాదు. యంత్రం ఆగిపోయింది, అది అమ్మాయి తప్పు లేదు. దీపాలు ఆడించు అని వాళ్ళు చెప్పారు, అమ్మాయి ఆడించింది. రెండు రోజులు తిండి లేదు. పోలీసు వద్దు అయ్యా. నేను తల్లి."

వెనక కుర్చీ కిందపడ్డ చప్పుడైంది. అవతల చప్పుడు లేదు.

"అమ్మా," అన్నాడు హాల్వర్సన్ చివరికి. "ఆవిడ తన స్కార్ఫ్ ఇక్కడ మర్చిపోయారు. రేపు రాగానే ఇస్తానని చెబుదామని చేశాను."

దియోలిండా గోడకి చెయ్యి ఆనించింది.

"ఏ దీపాలమ్మా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

వారెన్ ఆమె పక్కకి వచ్చాడు. ఈ ఇంట్లో అతనికి అర్థం కాని మాటలు ఎన్నో పోతుంటాయి. ఇది మాత్రం మొత్తం అర్థమైంది. ఫోను కోసం చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి అత్తయ్యా. నేను మాట్లాడతాను. భాష సరిగ్గా రాక ఏదో అన్నారని చెప్తాను. ఇవ్వండి."

నిజమే. అలా చెప్తే సరిపోతుంది. ముసలిదానికి ఇంగ్లీషు రాదు, ఆయనా నమ్ముతాడు. ఆమె చెయ్యి అటే కదిలింది.

మెట్ల దగ్గర ఇంకో చెయ్యి చాపి ఉంది.

లవీనియా లాక్కోలేదు. అరచెయ్యి పైకి పెట్టి నిలబడింది. పొద్దుటి సూప్ గిన్నె ఇమ్మన్నా అలాగే నిలబడేదేమో.

దియోలిండా ఫోను కూతురికిచ్చింది. ఎందుకిచ్చిందంటే ఆమెకే తెలీదు. దగ్గరున్న చెయ్యి మాత్రం వారెన్‌దే.

"హాల్వర్సన్‌గారూ, నేనే. ఒక్క నిమిషం ఉంటారా?" అని లవీనియా ఫోను మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది. మొగుడి వైపు చూడలేదు. తల్లితో పోర్చుగీసులో అంది, పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా.

"అమ్మా, నేనిప్పుడు చెప్పేస్తే నీకూ నాన్నకీ పనుండదు. మన వీధిలో ఎవరికీ ఉండదు. వాళ్ళకి చెప్పింది మీ పిల్లే అని అంటారు. నేను పడతాను. నువ్వు పడగలవా?"

"ఏమంటోంది?" అన్నాడు వారెన్. "అత్తయ్యా, తను ఏమంటోంది?"

దియోలిండా కూతురి అరచేతి కింద ఉన్న ఫోనుని చూసింది. బూట్ల ఫ్యాక్టరీ మూసినప్పుడు ఆమెనెవరూ అడగలేదు. తల్లి పోయినప్పుడు, దీవి వదిలి ఓడెక్కినప్పుడు, ఎప్పుడూ ఎవరూ అడగలేదు. జీవితమంతా రాబోయే కీడు కోసం కిటికీ దగ్గర నిలబడే ఉంది. అది తలుపు దగ్గర ఆగి, రమ్మంటావా అని అడగడం ఇదే మొదలు.

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ కదల్లేదు.

"అమ్మా," అంది లవీనియా, "ఆయన ఎదురు చూస్తున్నాడు."